అతిథి కుర్చీకి అద్దెంత?

ఈ మధ్య మన ఐటీ జనాల్లో ఒక కొత్త సలహా బాగా తిరుగుతోంది. ఎవడైనా ఉద్యోగం మానేసి సొంతంగా ఏదన్నా మొదలెట్టాడనుకోండి, చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పే మొదటి మాట ఇదీ: "యాడ్స్ మీద డబ్బులు తగలెయ్యకు. పాడ్‌కాస్టులకి గెస్టుగా వెళ్ళు. ఓ పది చోట్ల కూర్చుని మాట్లాడావంటే కస్టమర్లు వాళ్ళే వస్తారు." ఈ మాట చెప్పేవాడు కూడా దాన్ని ఏదో పాడ్‌కాస్టులోనే విని ఉంటాడు, అది వేరే సంగతి :)

ఈ సలహాలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే నా బాధంతా. వైజాగ్ పూర్ణా మార్కెట్లో మా మావయ్యకి బెల్లం, చింతపండు, పసుపు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టుంది. ఆ కొట్టు గుమ్మం దాకా ఈ పాడ్‌కాస్టు బేరం వచ్చేసరికి, దీని గురించి నేను కాస్త గట్టిగా ఆలోచించాల్సి వచ్చింది. ఆ బేరం సంగతి తర్వాత చెప్తాను. ముందు నిజమున్న సగం గురించి.

పాడ్‌కాస్ట్ అన్న మాట 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ రాసిన వ్యాసంలో కనిపించింది. 2005 జూన్‌లో ఆపిల్ వాళ్ళు ఐట్యూన్స్‌లో దానికి చోటిచ్చారు. మనలాంటి వాళ్ళకి అప్పట్లో అదొక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు, దానికి తగిలించిన ఒక ఎంపీత్రీ ఫైలు, అంతే. మన దేశానికొచ్చేసరికి అదే పదానికి అర్థం మారిపోయింది. రెండు కుర్చీలు, రెండు మైకులు, వెనకాల ఒక నియాన్ లైటు, ముందు యూట్యూబ్ కెమెరా. పాడ్‌కాస్టులు చూసేవాళ్ళు నెలకి వంద కోట్లు దాటారని యూట్యూబే 2025 ఫిబ్రవరిలో ప్రకటించుకుంది.

తెలుగువాళ్ళకి గంటల తరబడి మాటలు వినే ఓపిక లేదు అనేవారు ఒకప్పుడు. ఆ మాట తప్పని చూపించినవాళ్ళలో టీఎన్నార్ గారు ముందుంటారు. 'ఫ్రాంక్లీ విత్ టీఎన్నార్' ఇంటర్వ్యూలు సినిమా అంత పొడుగుండేవి, అయినా జనం కూర్చుని చూశారు. పాపం 2021 మేలో కోవిడ్‌తో పోయారు. ఆయన అడిగింది సినిమావాళ్ళనే అయినా, పొడుగు సంభాషణకి మనలో గిరాకీ ఉందని తర్వాత వచ్చినవాళ్ళందరికీ దారి చూపించింది అలాంటి కార్యక్రమాలే. ఆ దారిలోనే ఇప్పుడు వ్యాపారస్తులు, డాక్టర్లు, రియల్ ఎస్టేట్ వాళ్ళు, ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళు వరస కట్టారు.

ఎందుకు కట్టరు మరి? లెక్క చూడండి. ప్రకటన అయితే ఐదు సెకన్లకి స్కిప్ బటన్ వస్తుంది. గెస్టుగా వెళ్తే గంటసేపు మనమే. ప్రకటన డబ్బు ఆగిన రోజు ఆగిపోతుంది. ఎపిసోడ్ మాత్రం రెండేళ్ళ తర్వాత కూడా ఎవరో వెతుక్కుంటూ వచ్చి చూస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, అసలైనది ఇంకొకటుంది. ఆ కార్యక్రమం నడిపే మనిషిని జనం అప్పటికే నమ్ముతున్నారు. అతను మనల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడంటే, ఆ నమ్మకంలో కొంత మనకి అప్పిచ్చినట్టే. గెస్టుగా వెళ్ళడంలో ఉన్న విలువంతా ఈ అప్పులోనే ఉంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అన్నట్టు, ఇదేమీ కొత్త విద్య కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభల్లో ఆ మందుని ఉచితంగా పంచిపెట్టేవారు. జనం ఓపిగ్గా కూర్చునే చోటికి సరుకు తీసుకెళ్ళడం అంటే అదే. 1960ల్లో తంజావూరు జిల్లాలో ఏడీటీ-27 అనే వరి వంగడం గురించి రైతులు రేడియో వ్యవసాయ కార్యక్రమాల్లో విన్నారు. విని ఎంతగా వేశారంటే, ఆ వంగడానికి 'రేడియో వరి' అనే పేరు పడిపోయింది. అక్కడ పనిచేసింది ప్రకటన కాదు, తెలిసినవాళ్ళు కూర్చుని చెప్పిన మాట.

మా వైజాగ్ చుట్టుపక్కలే రెండు ఉదాహరణలున్నాయి. వీటిలో ఎవరూ పాడ్‌కాస్టు స్టూడియోకి వెళ్ళలేదు గానీ, నమ్మే గొంతు చెబితే ఏమవుతుందో వీటిలో కనిపిస్తుంది.

మొదటిది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అంకుడు కర్రతో బొమ్మ చేసి లక్క పూస్తారు. రసాయన రంగులు వచ్చి దెబ్బ కొట్టాక, మళ్ళీ ఆకులు, బెరడులు, గింజల నుంచి తీసిన రంగులకి ఆ బొమ్మల్ని మళ్ళించిన మనిషి సీవీ రాజు గారు. 2017లో బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు 30న ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశీ బొమ్మల గురించి మాట్లాడుతూ ఏటికొప్పాకనీ, రాజు గారినీ పేరు పెట్టి చెప్పారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

రెండోది అరకు కాఫీ. గిరిజన రైతులతో నాంది ఫౌండేషన్ ఏళ్ళ తరబడి పనిచేసి, 2017లో పారిస్‌లో కొట్టు తెరిచేదాకా తీసుకెళ్ళింది. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్ 30న అదే 'మన్ కీ బాత్'లో ఈ కాఫీ ప్రస్తావన వచ్చింది. అంతకుముందు పేరు వినని ఊళ్ళలో కూడా జనం అరకు కాఫీ గురించి మాట్లాడుకున్నారు.

రాజకీయాలు పక్కన పెట్టి వరస గమనించండి. రంగులు ముందు, రేడియో తర్వాత. తోటలు ముందు, ప్రస్తావన తర్వాత. గొంతు ఏదీ కొత్తగా పుట్టించలేదు, ఉన్నదాన్ని పెద్దది చేసింది. లౌడ్ స్పీకర్‌కి ఇన్‌పుట్ లేకపోతే వచ్చేది గుయ్యిమనే శబ్దమే కదా.

మూడో ఉదాహరణ మీలో చాలామంది ప్లేటు పట్టుకుని నిలబడి చూసిందే. మాదాపూర్లో ఐటీసీ కోహినూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ. ఏళ్ళ తరబడి ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంటే, యూట్యూబ్ వాళ్ళు వచ్చి మైకు పెట్టారు. "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" దేశమంతా తిరిగింది. 2024 జనవరి చివరికి జనం ఎంత ఎగబడ్డారంటే ట్రాఫిక్ ఆగిపోయి, పోలీసులు బండి తీయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి కలగజేసుకుని అక్కడే ఉండనిమ్మనాల్సి వచ్చింది. ఒక్క పైసా ఖర్చు లేని ప్రచారం కొట్టునే మూయించబోయింది! మన భాషలో చెప్పాలంటే, లోడ్ టెస్టింగ్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి ట్రాఫిక్ వదిలినట్టు.

సరే, ఇప్పుడు పూర్ణా మార్కెట్.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, అది పాత ఊళ్ళో దుర్గాలమ్మ గుడి దగ్గరుండే బజారు. పొద్దున్నే వెళ్తే కళాసీలు మూటలు మోస్తూ "సైడు, సైడు" అని అరుస్తుంటారు, మిరపకాయల ఘాటుకి కొత్తవాళ్ళు దగ్గుతుంటారు. అక్కడ వ్యాపారం నడిచేది నోటిమాట మీద. ఫలానా కొట్లో తూకం సరిగ్గా ఉంటుంది, ఫలానా ఆయన చింతపండులో గింజ కలపడు. ఈ రెండు ముక్కల కోసం మనుషులు నలభై ఏళ్ళు కొట్లో కూర్చుంటారు.

మా బావమరిది, అంటే మావయ్య కొడుకు, బీటెక్ చదివి నాలుగేళ్ళు బెంగుళూరులో చేసి వచ్చాడు. అదే సరుకుని పాకెట్లలో పెట్టి సొంత బ్రాండు మీద ఆన్‌లైన్లో అమ్ముదామని వాడి ఆలోచన. మంచి ఆలోచనే. సరిగ్గా అప్పుడు ఒక ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. ఒక తెలుగు పాడ్‌కాస్టులో గంట ఎపిసోడు, దాంట్లోంచి ఐదు రీల్స్, మొత్తం కలిపి 75 వేలు. ప్రశ్నలు మనమే రాసివ్వొచ్చు. ఎడిటింగ్ అయ్యాక మనం చూసి సరే అంటేనే బయటికి వస్తుంది. డబ్బిచ్చినట్టు ఎక్కడా వెయ్యరు. ఈ ఆఖరు మాట వాళ్ళు చాలా గర్వంగా చెప్పారట, అదేదో ఫీచర్ అయినట్టు.

వాడు నాకు ఫోన్ చేసి, "బావా, ఆ ఛానెల్‌కి లక్షల్లో వ్యూస్ ఉన్నాయి. ఏమంటావ్?" అన్నాడు.

ముందు లెక్క వేద్దాం అన్నాను. హోల్‌సేల్లో నూటికి రెండున్నర రూపాయలు మిగుల్తాయనుకుందాం. 75 వేలు తిరిగి రావాలంటే అదనంగా 30 లక్షల సరుకు కదలాలి. పోనీ పాకెట్ లెక్క. ఒక్కో దాని మీద 15 రూపాయలు మిగిలితే 5,000 పాకెట్లు అదనంగా అమ్ముడవ్వాలి, అదీ కేవలం చేతులు దులుపుకోడానికి. మరి ఆ వ్యూస్ ఎవరివి? ఆ ఛానెల్లో ఎక్కువగా వచ్చేవి స్టాక్ మార్కెట్, జాతకాలు, సినిమా గొడవలు. మీ కొట్లో కొనేది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చే కిరాణా వాళ్ళు, హోటళ్ళ వాళ్ళు, స్వీటు షాపుల వాళ్ళు. రేపు పాకెట్లు కొనబోయేది ఇంట్లో వంట చేసేవాళ్ళు. వీళ్ళిద్దరూ అక్కడ లేనప్పుడు లక్ష వ్యూస్ అయినా, పది లక్షలైనా మీకు ఒకటే.

మా మావయ్య ఇదంతా విని ఒకటే అడిగాడు. "ఒరే అల్లుడూ, ఆడు నన్ను పిలిచినట్టా, నేను డబ్బిచ్చి నన్ను నేనే పిలిపించుకున్నట్టా?"

నాకు తెలిసిన మార్కెటింగ్ పాఠాలన్నీ కలిపినా ఈ ప్రశ్నంత సూటిగా లేవు.

ఈ కుర్చీల అద్దె మన దగ్గరే పుట్టింది కాదు. పేరున్న పాడ్‌కాస్టుల్లో కూర్చోడానికి గెస్టులు 50 వేల డాలర్ల దాకా కడుతున్నారని 2022 ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ రాసింది. దీనికోసం గెస్టునీ హోస్టునీ కలిపే వెబ్‌సైట్లే ఉన్నాయి. మన దేశంలో దీనికి నిబంధనలూ ఉన్నాయి. ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని చెప్పేదానికి ప్రకటన అని గుర్తు వెయ్యాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే చెప్పింది. డబ్బైనా, బహుమతైనా, ఉచిత సరుకైనా, ఏ సంబంధం ఉన్నా స్పష్టంగా కనబడేలా చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 చట్టం ప్రకారం 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. "ఎక్కడా వెయ్యం" అని గర్వంగా చెప్పిన ఫీచరు వెనకాల ఉన్నది ఇదన్నమాట.

"పేపర్లో యాడ్‌కి డబ్బిస్తాం, హోర్డింగ్‌కి డబ్బిస్తాం, దీనికిస్తే తప్పేంటి?" అని మా బావమరిది వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఇవ్వడం తప్పు కాదు, దాచడం తప్పు. హోర్డింగ్ తాను హోర్డింగ్‌నని దాచుకోదు. దాన్ని చూసేవాడు ఎంత నమ్మాలో అంతే నమ్ముతాడు. "ఈ ఎపిసోడ్ ఫలానా వారి సమర్పణ" అని మొదట్లోనే చెప్పేస్తే నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఇందాక నమ్మకం అప్పు అన్నాను చూడండి, అది హోస్టు సొంత సొమ్ము కాదు. వినేవాళ్ళు అతని దగ్గర దాచుకున్న సొమ్ము. వాళ్ళకి చెప్పకుండా దాన్ని గంటకింతని అద్దెకిస్తే దాన్నేమనాలి? పైగా వ్యాపారికైనా ఇది తెలివైన బేరం కాదు. ఏ నమ్మకం కోసం డబ్బిస్తున్నాడో, ఆ డబ్బివ్వడంతోనే అది పోతుంది. ఇవాళ ఎవరికీ తెలియకపోవచ్చు. నలభై ఏళ్ళ తూకం పేరున్న కొట్టుకి, తెలిసిన రోజు పోయేది 75 వేలు కాదు.

చివరికి వాళ్ళు ఆ ప్యాకేజీ వద్దనుకున్నారు. వంటలూ సరుకుల గురించే మాట్లాడే ఒక చిన్న తెలుగు కార్యక్రమానికి మా వాడు ఉత్తరం రాశాడు. మా బ్రాండు గురించి చెప్తాం అని కాదు, "బెల్లం ఎలా కొనాలో మా నాన్న చెప్తాడు, వింటారా?" అని. వాళ్ళు రమ్మన్నారు. పైసా తీసుకోలేదు.

మావయ్య నలభై నిమిషాలు మాట్లాడాడు. అనకాపల్లి బెల్లం గురించి, రంగు చూసి కొనేవాళ్ళ గురించి. చెరుకు పానకం కాగితే సహజంగా ముదురు రంగే వస్తుందనీ, మెరిసే లేత పసుపు రంగు కోసం కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారనీ, జనం తెల్లగా ఉన్నదే శుభ్రమైనదనుకుని దానికే ఎక్కువ ధర ఇస్తారనీ చెప్పాడు. మిరపకాయల్లో కారానికి తేజ, రంగుకి బ్యాడిగి ఎందుకు కలుపుతారో చెప్పాడు. తన కొట్టు పేరు ఒక్కసారే వచ్చింది, అదీ ఆ అమ్మాయి అడిగితే.

మధ్యలో ఆవిడ ఠక్కున అడిగింది, "మరి మీ కొట్లో ఆ తెల్ల బెల్లం లేదా అండీ?" అని.

మావయ్య ఒక్క క్షణం ఆగాడు. "ఉందమ్మా. అడిగేవోళ్ళున్నారు, ఉంది. మా ఇంట్లోకి మాత్రం నల్లదే ఎల్తాది. ఇప్పుడు మీకు చెప్పేసాను కాబట్టి రేపట్నించి కొట్లోనూ అడిగినోళ్ళందరికీ చెప్పాలి, తప్పదు," అన్నాడు.

ఆ ముక్క తీసేయించమని మా బావమరిది గొడవ పెట్టాడు. మావయ్య వద్దన్నాడు. పక్క కొట్లవాళ్ళు కొందరు ఓ వారం మొహం మాడ్చుకున్నారు, "మా బేరాలు చెడగొట్టడానికి వెళ్ళావా" అని. ఫోన్లు లక్షల్లో రాలేదు, లెక్కపెట్టగలిగినన్నే వచ్చాయి. కానీ చేసినవాళ్ళలో చాలామంది ఒకటే అడిగారు, "మీ ఇంట్లోకి వెళ్ళే బెల్లం మాకు పంపుతారా?" అని. ఇప్పుడు వాళ్ళ పాకెట్లలో అన్నిటికంటే ముందు కదిలేది ఆ నల్ల బెల్లమే. 75 వేల ప్యాకేజీలో ఆ ప్రశ్న వచ్చేది కాదు. ప్రశ్నలు మనమే రాసుకుంటాం కదా, అలాంటిది ఎవడు రాసుకుంటాడు?

కాబట్టి గెస్టుగా వెళ్దామనుకునేవాళ్ళకి నాకు తోచిన మూడు ముక్కలు.

ఒకటి, వ్యూస్ చూడకండి, వినేవాళ్ళు ఎవరో చూడండి. మీ సరుకు కొనే ఐదొందల మంది వినే కార్యక్రమం, కొనని ఐదు లక్షల మంది చూసే దానికన్నా మేలు.

రెండు, మీ పనిలో బయటివాళ్ళకి తెలియనిది, తెలిస్తే వాళ్ళకి పనికొచ్చేది ఒకటి పట్టుకెళ్ళండి. అది లేకపోతే ఇంకా వెళ్ళే టైము రాలేదని అర్థం. ముందు బొమ్మకి రంగు సరిగ్గా పూయండి.

మూడు, వచ్చాక లెక్క రాసుకోండి. ఫోన్ చేసిన ప్రతివాడినీ "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి నోటుబుక్కులో రాస్తే చాలు, పెద్ద అనలిటిక్స్ అక్కర్లేదు. ఉన్నట్టుండి వంద ఆర్డర్లొస్తే పంపగలరో లేదో కూడా ముందే చూసుకోండి, కుమారి ఆంటీని తల్చుకుని.

ఇక మనలో ఎక్కువమందిమి గెస్టులం కాదు, వినేవాళ్ళం. బస్సులో, ట్రాఫిక్‌లో, బిల్డ్ అయ్యేలోపు చెవుల్లో పెట్టుకుని వింటాం. విని ప్రీలాంచ్ ప్లాట్లకి అడ్వాన్సులిస్తాం, కోర్సులకి లక్షలు కడతాం, ఆస్పత్రులు మారుస్తాం. యాడ్ చూసి అయితే పదిసార్లు ఆలోచించేవాళ్ళం, "ఇంటర్వ్యూలో చెప్పాడు" అనగానే మెత్తబడిపోతాం. అతను డబ్బిచ్చి కూర్చున్నాడా, పిలిస్తే వచ్చాడా అన్నది మనకి తెరమీద కనబడదు. కానీ ఒకటి మాత్రం ఎవరైనా గమనించొచ్చు. గంటసేపట్లో ఆ గెస్టుని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటైనా వచ్చిందా? వచ్చినప్పుడు అతను ఒక్క క్షణమైనా తడుముకున్నాడా? గంటంతా నూనె రాసినట్టు జారిపోయిందంటే, డబ్బులు తియ్యబోయే ముందు కాస్త ఆగండి. ఆ కుర్చీకి అద్దె ఎవరో కట్టే ఉంటారు. మీరు కొంటే అది మీ జేబులోంచే వసూలవుతుంది.